కోయని కొమ్మకే పువ్వు

చెట్టును మనం చాలాసార్లు మన పనిని బట్టే గుర్తుపడతాం. వేప అంటే పండ్లపుల్ల, చింత అంటే పులుసు, మోదుగ అంటే విస్తరాకు. మనం వాడని భాగం ఏదైనా ఎదురైతే మాత్రం ఎంత తెలిసిన చెట్టు పేరైనా నోటికి రాదు.

ధూళిమిట్టలో ఏళ్లుగా తాళం వేసి ఉన్న మా బంధువుల ఇంటి పెరట్లో అలాంటి పొదే ఒకటి ఉంది. వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగిన ఆ చోట అది ప్రహరీని దాటి పోయింది. కొమ్మల కొసల్లో గుత్తులుగా మీగడ రంగు పూలు. పొద్దుగూకితే వాడంతా వాసన. చూసినవాళ్లలో ఒకరు వావిలి అన్నారు, ఇంకొకరు నైట్‌క్వీన్ అన్నారు. వావిలి పూలు నీలిరంగువి, ఆకు చేతివేళ్లలా చీలి ఉంటుంది. నైట్‌క్వీన్ పువ్వు సన్నటి గొట్టం. ఇది రెండూ కాదు. పువ్వుకు ముడతలు పడ్డ రేకులు నాలుగు, వాటి నడుమ జంటలుగా ఎనిమిది కేసరాలు. చిన్న ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. ముదురు కొమ్మలకు ముళ్లు. మిరియం కన్నా కాస్త పెద్ద కాయలు.

చివరికి ఆకే సాక్ష్యం చెప్పింది. నూరి, కాస్త చింతపండు పులుసు కలిపి అరచేతిలో పెట్టుకుంటే ఎర్రగా పండింది. గోరింట!

పక్కింటి అవ్వ నవ్వింది. "మైదాకు పూసేదాక ఎవలు ఆగిండ్రు బిడ్డా? ఆషాఢం రాంగనే అందరం మీదవడి దూసుకపోతిమి."

అవ్వ మాటలోనే కారణం ఉంది. గోరింట కొత్త చిగుళ్ల కొసన పూస్తుంది. ఆకు కోసం దూసినా, కంచె అని కత్తిరించినా ముందు పోయేది ఆ కొసే. అందుకే ఇంటింటా ఉన్నా పువ్వును చూసినవాళ్లు తక్కువ.

ఈ మొక్క మహామహులనే తికమక పెట్టింది. లేత కొమ్మకు ముళ్లుండవు, ముదిరితే వస్తాయి. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ముళ్లు లేనిదాన్ని లాసోనియా ఇనెర్మిస్ అని, ఉన్నదాన్ని లాసోనియా స్పైనోసా అని రెండు జాతులుగా రాశాడు. రెండూ ఒకటేనని తర్వాతివాళ్లు తేల్చారు. కుటుంబం చూస్తే ఇది దానిమ్మకు చుట్టం. చేతిని పండించే లాసోన్ అనే రంగు ఆకులో ఉంటుంది. పువ్వు పని వేరు: ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో దానితో అత్తరు తీస్తారు.

పాడుపడ్డ పెరడు శుభ్రం చేయించాలనుకుంటే కూలీలను పిలిచే ముందు ఒక పూత కాలం ఆగండి. ఇంట్లో గోరింట ఉంటే ఈ ఆషాఢంలో ఒక్క కొమ్మనైనా దూయకుండా వదిలెయ్యండి. అరచేతులు పండడానికి మిగతా కొమ్మలు చాలు.