దున్నపోతు ఇస్తేనే పొలంలో వాటా!

కొండల నడుమ మెట్లు మెట్లుగా వరి మళ్ళు. మళ్ళ చివర వెదురు తోపు. తోపు దాటగానే రెండు కొనలూ ఆకాశంలోకి లేచిన కప్పులతో, ఎదురెదురుగా రెండు వరసల ఇళ్ళు! మన ఆర్ట్ డైరెక్టర్లెవరైనా చూస్తే, ‘‘ఈ సెట్ ఎవరు వేశారండీ?’’ అని అడగడం ఖాయం. సెట్ కాదు మహాప్రభో! మనుషులు పుట్టి, పెరిగి, పోట్లాడుకుని, చచ్చిపోయాక కూడా కొన్నాళ్ళు కాపురం ఉండే అసలు సిసలు ఇళ్ళు.

చచ్చిపోయాక కూడానా అంటారా? ఆ సంగతికే వస్తున్నా.

ఇండోనేషియాలో సులవేసి అనే దీవి ఉంది. దానికి దక్షిణపు కొసన మకాస్సర్ రేవు పట్నం. అక్కడ రాత్రి బస్సెక్కితే ఉత్తరంగా 300 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. తెల్లారేసరికి రాంతెపావ్ అనే చిన్న ఊళ్ళో దింపుతాడు. సముద్ర మట్టానికి 700 మీటర్లకు పైన ఉన్న ఊరు కాబట్టి పొద్దున్నే చలి. ఆ చలిలో అక్కడి కాఫీ తాగాలి... దాని గురించి రాస్తే ఈ పేజీ చాలదు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండేవాళ్ళే తొరాజాలు.

నాకు దొరికిన గైడు పాతికేళ్ళ కుర్రాడు. ఇండియా నుంచి వచ్చానని చెప్పడమే ఆలస్యం, ‘‘షారుఖ్ ఖాన్!’’ అంటూ ‘కుచ్ కుచ్ హోతా హై’ పాట అందుకున్నాడు. 1998 నాటి ఆ సినిమాకి ఇండోనేషియాలో ఉన్న మోజు అంతా ఇంతా కాదు లెండి. మన తెలుగు హీరోల పేర్లు నాలుగు చెప్పి చూశాను. మర్యాదగా తలూపాడు, అంతే!

రాంతెపావ్‌కి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న కెతె కెసు అనే పల్లెకి తీసుకెళ్ళాడు. పైన చెప్పిన ఇళ్ళు అక్కడివే. ఆ ఇంటిని తొంగ్‌కొనాన్ అంటారు. ‘తొంగ్‌కొన్’ అంటే కూర్చోవడం. అయినవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకునే చోటన్నమాట. ముఖం ఉత్తరానికే ఉండాలి. ఈ విషయంలో వాళ్ళు మన వాస్తు సిద్ధాంతులకేం తీసిపోరు. గుంజల మీద లేపిన ఇల్లు, పొరలు పొరలుగా పేర్చిన వెదురు కప్పు. ఇప్పుడు చాలాచోట్ల రేకులు వచ్చేశాయనుకోండి. గోడల నిండా చెక్కడాలు. రంగులు నాలుగే... నలుపు, ఎరుపు, పసుపు, తెలుపు. ముంగిట స్తంభానికి కింది నుంచి పైదాకా దున్నపోతు కొమ్ములు! ఎన్ని కొమ్ములుంటే ఆ ఇంట చావులు అంత ఘనంగా జరిగినట్టు లెక్క. ఎదురు వరసలో ఉన్నవి మాత్రం ఇళ్ళు కావు, ధాన్యపు గాదెలు. గాదె కింద అరుగులాంటి బల్ల ఉంటుంది. ఊరి కబుర్లన్నీ దాని మీదే.

ఇంతకీ ఈ ఇల్లు ఎవరిది? అడిగితే కుర్రాడు నవ్వాడు. ఆ ఇల్లు మొదట కట్టిన దంపతుల సంతానం అందరిదీనట. అదీ తండ్రి వైపూ తల్లి వైపూ కూడా! నాన్న పుట్టిన ఇల్లు, అమ్మ పుట్టిన ఇల్లు, తాతలవీ అమ్మమ్మలవీ... లెక్కపెడుతూ పోతే ఒక్కో మనిషికి ఎన్నో ఇళ్ళల్లో హక్కు. మన దగ్గర ఒక్క పెంకుటింటి కోసం అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరుగుతుంటారే అని నాకు కాస్త ఈర్ష్య కలిగింది కూడా. కానీ అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. పైగా ఇల్లు పాతబడి తిరగ కట్టేటప్పుడు ప్రతివాడూ తన భాగం ఖర్చు వేసుకోవాలి. వేసుకోనివాడి మాట క్రమంగా ఆ ఇంట్లో చెల్లకుండా పోతుంది. కాగితం మీద కాదు, పెట్టిన ఖర్చు మీద నిలబడే హక్కు అది.

ఆడపిల్లకీ మగపిల్లాడితో సమానంగా వాటా ఉంటుంది. పెళ్ళయ్యాక మగవాడే అత్తారింటికి వెళ్ళడం అక్కడ మామూలు. ఇల్లరికం అని వెక్కిరించేవాళ్ళు లేరు. విడిపోతే ఇల్లు భార్యది. ఆ ఇంటికి అయ్యగారు ఖర్చు పెట్టి ఉంటే ఎదురుగా ఉన్న గాదె విప్పుకుని పట్టుకుపోవచ్చు. గాదె విప్పడం సులువు కదా! మన హాస్యనటులెవరికైనా ఇది బ్రహ్మాండమైన సీను.

ఇక అసలు ఆస్తి దగ్గరికి వద్దాం. అది ఇల్లూ కాదు, బంగారమూ కాదు. దున్నపోతు! రాంతెపావ్ పక్కనే బొలు అనే చోట పశువుల సంత ఉంది. వందల దున్నలు నున్నగా నిగనిగలాడుతూ ముక్కుతాళ్ళతో నిలబడి ఉంటాయి. మంచి దున్నని అరకకి కట్టరు. రోజూ స్నానం చేయించి, చేత్తో గడ్డి తినిపించి, పెళ్ళికొడుకులా పెంచుతారు. కొమ్ము పొడుగు చేతి మీద కొలిచి విలువ కడతారు. నలుపూ తెలుపూ మచ్చలున్న ‘తెదొంగ్ బొంగా’ అయితే ధర చుక్కలంటుతుంది. ‘సాలెకొ’ అనే రకంలో మేలైనది వంద కోట్ల రుపయ్యాలు దాటడం కూడా ఉంది. హడలిపోకండి, రుపయ్యా విలువ బాగా తక్కువ. అయినా మన డబ్బులో అరకోటి పైమాటే!

ఇంత పెట్టి కొనేది ఎందుకు? చావింట్లో కొయ్యడానికి.

‘యమగోల’ (1977)లో దున్నపోతు సత్యనారాయణగారి వాహనం. తొరాజాలకి యముడితో పని లేదు, దున్నపోతే ఆత్మని ‘పుయా’ అనే పరలోకానికి చేరవేస్తుంది. మనిషి పోగానే అంత్యక్రియలు చేసెయ్యరు. శవాన్ని పాడవకుండా చేసి ఇంట్లోనే ఉంచుతారు. ‘పోయాడు’ అనరు, ‘జబ్బుగా ఉన్నాడు’ అంటారు. పూటపూటా ఎదుట భోజనం పెడతారు. దూరాన ఉన్న పిల్లలు డబ్బు కూడబెట్టుకుని వచ్చేదాకా ఇలా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు! అందరూ చేరాక ‘రంబు సొలొ’ అనే పెద్ద ఉత్సవం. గొప్ప కుటుంబమైతే 24 దున్నలు తెగాలని ఆనవాయితీ. ఇప్పుడు తొరాజాల్లో ఎక్కువమంది క్రైస్తవులు. పూర్వీకుల మతాన్ని పాటించేవాళ్ళు కొద్దిమందే. ఆ మతాన్ని 1969లో అక్కడి ప్రభుత్వం హిందూ ధర్మంలో ఒక శాఖగా గుర్తించింది. చర్చికి వెళ్ళినా, పాత మతం పాటించినా దున్నపోతు మాత్రం తప్పదు.

నేను చూసిన ఉత్సవంలో మైకు పెట్టి మరీ ఎవరు ఏం తెచ్చారో చదివారు. మన పెళ్ళిళ్ళలో చదివింపులు గుర్తొచ్చాయి. నోటుబుక్కులో రాసుకోవడం కూడా అచ్చం అలాగే. మనం వెండి కుంకుమ భరిణె తిరిగి చదివిస్తే, వాళ్ళు అదే కొమ్ము పొడుగున్న దున్నని తిరిగి ఇవ్వాలి. తండ్రి తీర్చకపోతే కొడుకు తీర్చాలి. దున్న లేకపోతే వరి మడిని తాకట్టు పెట్టి తెచ్చుకోవాలి. దున్న తిరిగిచ్చేదాకా ఆ మడి పంట తాకట్టు పట్టినవాడిది. మాంసం పంపకంలో ఎవరి స్థాయికి ఏ ముక్క రావాలో కూడా నియమం ఉంది. అక్కడ తేడా వస్తే పోట్లాటే!

స్థాయి అంటే గుర్తొచ్చింది. పూర్వం తొరాజాల్లో బంగారం, ఇనుము, తాటిమాను, రెల్లు అని నాలుగు అంతస్తులు ఉండేవి. రెల్లు అంటే బానిసలు. 1906లో డచ్చివాళ్ళు ఈ కొండలెక్కాక బానిసత్వాన్ని నిషేధించారు. అయినా ఎవరు ఎవరి మనవడో ఊరికంతా తెలుసు. ఆ రెల్లు కుటుంబాల పిల్లలు పైప్రాంతాలకి పోయి సంపాదించి తెచ్చి, ఘనంగా దున్నల్ని కోస్తుంటే బంగారంవారు మొహం చిట్లించుకుంటున్నారట. నాకు మాత్రం భలే అనిపించింది. మన కుర్రాడిది ఏ అంతస్తో అడిగాను. వినపడనట్టు నడిచాడు.

సినిమావాళ్ళు వినాల్సిన ముక్క ఒకటుంది. 1972లో సంగల్లా ప్రభువు అంత్యక్రియల్ని కెమెరాలు చిత్రీకరించాయి, యూరప్‌లో చాలా దేశాల టీవీల్లో చూపించారు. దాంతో టూరిస్టులు ఎగబడ్డారు. వాళ్ళ వెనకే దొంగలూ వచ్చారు! లెమో అనే చోట కొండని తొలిచి సమాధులు చేసి, ముందు వరండాలో పోయినవాళ్ళ చెక్క బొమ్మల్ని నిలబెడతారు. వాటిని తౌ-తౌ అంటారు. 1980లలో ఆ బొమ్మల్ని పెకలించి పురాతన వస్తువుల వ్యాపారులకి అమ్మేశారు. తాతగారి బొమ్మ విదేశాల్లో ఎవరింటి డ్రాయింగు రూములో ఉందో మనవడికి తెలియదు. అమ్మకానికి పెట్టని ఆస్తిని అలా అమ్మారు.

చివరి రోజు కుర్రాడు వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. లోపలి గదిలో వాళ్ళ అమ్మమ్మ ఉంది. రెండేళ్ళుగా ‘జబ్బు’. ఇండియా నుంచి అతిథి వచ్చాడని ఆమెకి మెల్లగా చెప్పాడు. నేను చేతులు జోడించాను. భయం వెయ్యలేదు, నిజం.

జూలైలో ఆవిడ ఉత్సవం. మేనమామ జకార్తాలో కాంట్రాక్టరు, ఎనిమిది దున్నలు తెస్తానని కబురు పెట్టాడు. అమ్మమ్మ పేర ఉన్న వరి మళ్ళు, ఎవరెన్ని దున్నలు కోశారన్న లెక్క మీదే పంచుతారు. ఆ మళ్ళల్లో ఇరవై ఏళ్ళుగా నాట్లు వేస్తున్నది కుర్రాడి అమ్మ. ఆమె తరఫున కనీసం మూడు లేకపోతే ఆ మళ్ళల్లో నిలవడానికి చోటుండదు. ఒకటి, కాలిమంతాన్ బొగ్గు గనిలో పనిచేసే అన్న జీతం డబ్బుతో వచ్చింది. రెండోదానికి వేరే మడి తాకట్టు పెట్టారు. మూడోది కుర్రాడు మకాస్సర్‌లో కాలేజీకని దాచుకున్న డబ్బుతో కొన్నది.

కోర్టుకి పోకూడదా అన్నాను. పోవచ్చునట. కానీ ముసలమ్మకి నువ్వేం పెట్టావని ఊళ్ళో మొదట అడుగుతారట. ఈ ఖర్చు దండగ అని చెబుదామని నోటిదాకా వచ్చింది. పెరట్లో ఆ మూడో దున్న ఒళ్ళు తోముతున్న వాళ్ళమ్మని చూసి ఊరుకున్నాను.

కుర్రాడు గడ్డిమోపు దింపి, దాని కొమ్ముని తన మోచెయ్యికి ఆనించి కొలిచాడు. జూలై లోపు ఇంకా నాలుగు వేళ్ళు పెరగాలట.