కొంచెమే పడింది

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ మీదకొచ్చినప్పుడు నేను బఫెలోలో ఎమ్మెస్ చదువుతున్నాను. కంచరపాలెంలో మా ఇంటి ఫోను కలవడానికి మూడు రోజులు పట్టింది. "ఏం కాలేదురా, వంటింటి రేకొకటి ఎగిరింది, అంతే" అంది అమ్మ. ఆ రేకు నాన్న కాలి మీదే పడిందని, పదకొండు కుట్లు పడ్డాయని మా పిన్ని నోరు జారితే సంక్రాంతికి తెలిసింది.

ఈలోగా నవంబర్లో మా వంతొచ్చింది. బఫెలోకి తూర్పున, లాంకాస్టర్ వైపు అయిదడుగుల పైన మంచు. ఉత్తరాన ఆమ్‌హర్స్ట్‌లో నా బూట్లు కూడా మునగలేదు. మా మీద ఎండ, దక్షిణాన మాత్రం ఆకాశానికి గోడ కట్టినట్టు మబ్బు. "టీవీలో ఇళ్ళు పూడిపోయాయంటన్నారు, నువ్వేటి దాస్తన్నావు?" అంది అమ్మ. ఎంత చెప్పినా నమ్మలేదు.

కెనడా నుంచొచ్చే చలిగాలి ఇంకా వెచ్చగా ఉన్న ఈరీ సరస్సు మీదుగా వీస్తూ ఆవిరిని మోసుకొచ్చి ఒడ్డున మంచుగా దింపేస్తుంది. అదీ సన్నటి పట్టీలా. గాలి కాస్త పక్కకి తిరిగితే పట్టీ కూడా ఊరు మారుతుంది. కంచరపాలెంలో పెరిగినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పోర్టు వైపు గాలి మళ్ళితే బొగ్గు పొడి మేం ఆరేసిన బట్టల మీద, లేకపోతే ఇంకో పేట వాళ్ళ బట్టల మీద!

తర్వాత సిరక్యూస్‌లో రెండేళ్ళు ఉద్యోగం. అక్కడి తీరు వేరు. ఈరీ సగటు లోతు 19 మీటర్లే, చలికాలం మధ్యలో గడ్డకట్టిందంటే మంచూ తగ్గుతుంది. ఒంటారియో లోతైనది, పూర్తిగా గడ్డకట్టడం అరుదు. బఫెలో మంచు ఒక్కసారిగా మీదపడి కొడుతుంది, సిరక్యూస్‌ది రోజూ వచ్చి కూర్చునే చుట్టం. నాకైతే మొదటిదే నయం అనిపించేది, 2022 దాకా.

ఆ నవంబర్‌కి ఆర్చర్డ్ పార్క్‌లో ఉన్నాం, పాపకి ఎనిమిది నెలలు. నాలుగు రోజుల్లో దాదాపు 80 అంగుళాలు. రోడ్ల మీదకి రావద్దన్నారు. అక్కడి స్టేడియంలో జరగాల్సిన ఫుట్‌బాల్ మ్యాచ్ 2014లోలాగే డెట్రాయిట్‌కి తరలిపోయింది. నా భయం ఫర్నేస్ గొట్టం గురించి. బయట అది మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే తంతుంది, వాసన కూడా రాదు. రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని, కిటికీలోంచి దూకి, పారతో గొట్టం చుట్టూ తవ్వి వచ్చేవాణ్ణి. మా ఆవిడ లోపల టార్చి పట్టుకుని, నేను తిరిగొచ్చేదాకా పాపనెత్తుకుని నిలబడేది.

రెండో రాత్రి అమ్మ వీడియో కాల్. గ్లవ్స్ దాచేసి, జుట్టు తుడుచుకుని ఎత్తాను.

"మంచు పడిందంట?"

"కొంచెమే అమ్మా."

కాసేపు మాట్లాడలేదు. "మీ నాన్న కాలి మీద రేకు పడినంత కొంచెమేనా?"

ఫోను కిటికీ వైపు తిప్పాను.

"లైటెయ్యి నాన్నా, ఏటీ అవుపడట్లేదు. తెల్లగా గోడుంది."

"గోడ కాదమ్మా" అన్నాను.