గౌతమి ఒడ్డున ఫ్రెంచి గీత

అనంతపురంలో సాయంత్రం ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి గోదావరి దాటేస్తాం. సామర్లకోటలో దిగి, కాకినాడ మీదుగా బస్సులో యానాం చేరాం. కోరంగి, తాళ్లరేవు దాటేదాకా మా ఆయన బస్సు కిటికీ వదల్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలు, మంచి సంవత్సరం అనుకునే నేల మాది. శెనిక్కాయ విత్తి మబ్బుల కోసం చూసిన ఇంట్లో పుట్టిన మనిషికి అడుగడుగునా కాలవ కనబడుతుంటే మాటలు రావు. చివరికి నోరు విప్పి, "ఇన్ని నీళ్లు సముద్రానికి పోతాండాయి, చూడు" అన్నారు.

శ్రావణమాసం. గౌతమి ఎర్రగా, నిండుగా ఉంది. యానాం అంటే సముద్రం ఒడ్డునే ఉంటుందని వస్తారు చాలామంది. అసలు సముద్రం ఇంకా కొన్ని కిలోమీటర్లు కిందికి, మడ అడవుల అవతల ఉంది. ఊరు ఉన్నది గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయేచోట. ఓడల కాలంలో అదే దీని బలం, గండం కూడా. 1839 తుపానుకు పక్కనున్న కోరంగి రేవు కొట్టుకుపోయింది.

పాండిచ్చేరిలోలాగా పసుపు గోడల వీధులు, కాగితప్పూల పందిళ్లు ఇక్కడ వెతక్కండి. 1846 నాటి చర్చి ఉంది. నది ఒడ్డున ఈఫిల్ టవర్ను తలపించే ఉక్కు కట్టడం ఉంది, అది ఈ కాలం నాటిదే. ఫ్రెంచివాళ్లు యానాంకు మిగిల్చిందల్లా ఓ సరిహద్దు గీత. 30 చదరపు కిలోమీటర్ల ఊరి చుట్టూ అంతా ఆంధ్రప్రదేశ్. ఇది మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిలో భాగం. బండ్ల నంబరు ప్లేట్ల మీద పి.వై. కనబడగానే గీత దాటామని అర్థమవుతుంది. ఇక్కడ చవగ్గా దొరికే మందు గురించే జనం మాట్లాడతారు గానీ, ఆ గీత మూడు వందల ఏళ్లలో ఎన్ని బతుకులను మలుపు తిప్పిందో తెలుసుకుంటేనే ఈ ఊరు అర్థమవుతుంది.

1723లో ఫ్రెంచివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. బేరాలు సాగక నాలుగేళ్లకే మూసేసి, 1731లో మళ్లీ తెరిచారు. ఆ తర్వాత ఇంగ్లీషువాళ్లు పట్టుకోవడం, సంధి కుదిరితే తిరిగివ్వడం. అలా చేతులు మారి మారి 1817లో ఫ్రాన్సు కింద కుదుటపడింది. మధ్యలో 1753లో హైదరాబాదు పాలకుడు సలాబత్ జంగ్ కోస్తా సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీ చేతిలో పెట్టాడు, సైన్యం జీతాల కింద. 1758లో చందుర్తి దగ్గర ఓడిపోవడంతో ఆ వైభవం పోయింది. ఆ సలాబత్ జంగ్ తమ్ముడు నిజాం అలీ ఖానే 1800లో మా సీమను ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చాడు, అదీ సైన్యం ఖర్చుల కిందే. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. ఇక్కడి నీళ్లకూ మా రాళ్లకూ ఏ పోలికా లేదు. కానీ రెంటినీ సిపాయిల బత్తేలకు తాకట్టు పెట్టినవాళ్లు ఒకే ఇంటివాళ్లు.

మీసాల వేంకన్న గుడికి వెళ్లాం. స్వామికి నిజంగానే మీసాలుంటాయి. మేం వెళ్లేసరికి ఓ పెళ్లి ముగిసింది. పాతికేళ్లు దాటిన పెళ్లికూతురు కొంగుముడితోనే ఫోను పట్టుకుని ఎవరికో గుడికి దారి చెబుతోంది. ఆ అమ్మాయిని చూస్తూ నేను చాలాసేపు కదల్లేదు. శారదా చట్టం 1929లో వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరమంది. ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకే. కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చంటిపిల్లల్లాంటి వాళ్లకు బాసికాలు కట్టి ఇక్కడికి తెచ్చి తాళి కట్టించి తీసుకుపోయారు. యానాంకు కళ్యాణపురమని పేరొచ్చింది ఆ పెళ్లిళ్ల వల్లే. బళ్లో ఏడో తరగతి పిల్లలకు పాఠం చెప్పేదాన్ని నేను. ఆ వయసు పిల్లలను ఈ వీధుల్లో మేళతాళాలతో నడిపించారనుకుంటే కడుపులో దేవినట్టయింది. చట్టం తప్పించుకోవడానికి అంతదూరం బండి కట్టిన తండ్రులు చెడ్డవాళ్లు కారేమో, పరువుకు భయపడ్డారేమో. ఆ పిల్లల మాట మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

జనం గీత దాటి వచ్చింది పెళ్లిళ్లకే కాదు. వాటికి ముందు నుంచీ ఇక్కడ మంగళవారం సంత ఉండేది. ఓడల్లో దిగిన విదేశీ సరుకు కోసం ఇంగ్లీషు ఇలాకా జనం ఎగబడి వచ్చేవారట.

ఆ గీత ఫ్రెంచివాళ్ల చేతిలోంచి జారినరోజు 1954 జూన్ 13. దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. రమణయ్య ఈ ఊరి ఫరంపేట బిడ్డే. అక్టోబరులో పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఫ్రెంచి ఇండియా ప్రజాప్రతినిధులు 178 మందిలో 170 మంది భారతదేశంలో కలుస్తామని ఓటేసే నాటికి యానాం తన సంగతి తనే తేల్చుకుంది. నవంబరు 1న పాలన మారింది. ఒప్పందం చట్టబద్ధమయ్యేసరికి 1962 ఆగస్టు 16 అయింది. కావాలనుకున్నవాళ్లు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవచ్చన్నారు. అలాంటి కుటుంబాలు కొన్ని నేటికీ ఉన్నాయి.

మధ్యాహ్నం చేపల బజారుకు వెళ్లాం. ఐసు మీద నాలుగే పులసలు, చుట్టూ పది మంది. ఒకామె చేపను రెండు చేతులా ఎత్తి మొప్ప విప్పి చూపించింది. లోపల ఎర్రగా తడిగా ఉంది. పొలుసుల వెండి మీద లేత బంగారు జీర. "సముద్రంలో ఉంటే విలసండి, గోదారి ఎర్రనీటికి ఎదురీదితే పులసండి, ఆయ్" అంది. ఎదురీదే కొద్దీ ఒంట్లో ఉప్పు తగ్గి రుచి తేలుతుందట. ధర వినగానే మా ఆయన నా వైపు చూశారు. కొనలేదు. పక్కనున్న పూటకూళ్లింట్లో చెరో ముక్క పులుసు తిన్నాం. ముందురోజు కుండలో బెండకాయలేసి కాచి పెట్టింది. సన్నటి ముళ్లు ఒక్కొక్కటే ఏరుకుంటూ తినడానికి గంట పట్టింది. రుచి గురించి జనం చెప్పిందాంట్లో అబద్ధం లేదు.

సాయంత్రం పుష్కరఘాట్ దగ్గర టీ బండి. అక్కడి నుంచి చూస్తే ఎదుర్లంక వైపు బాలయోగి వారధి. అవతలి గట్టు కోనసీమ, ఆంధ్రా. టీ పోసే పెద్దాయనను మా ఆయన ఉండబట్టలేక అడిగారు.

"భాష ఒకటే, మీ చుట్టాలంతా అటే. ఆంధ్రాలో కలిసిపోతే ఈ తిరుగుడు ఉండదు గదా?"

"ఎందుకండీ బాబూ? పెద్ద కాయితం పనుంటే రాత్రంతా రైల్లో పాండిచ్చేరి పోవాల్సిందే, నిజవే. అయినా మాకంటూ ఓ ఎమ్మెల్యే ఉన్నాడండి, మా పిల్లలకు అక్కడ సీట్లున్నాయండి. కలిపేస్తే తాళ్లరేవు పక్కనో పంచాయితీ అయిపోతామండి. మమ్మల్నెవరు పలకరిస్తారు?"

మా ఆయన కాసేపు ఆలోచించి తలూపారు. నాకూ పెద్దాయన మాటే న్యాయమనిపించింది. ఎవరో ఎప్పుడో తమ లాభానికి గీసుకున్న హద్దును ఈ ఊరివాళ్లు తమ పిల్లల చదువుకు వాడుకుంటున్నారు.

"2027లో పుష్కరాలండి. అప్పుడు రండి, ఇదే ఘాట్" అన్నాడు పెద్దాయన చిల్లర ఇస్తూ. మోకాళ్ల నొప్పుల అత్తమ్మను ఈ మెట్లు ఎలా దించాలా అని మా ఆయన అప్పుడే లెక్కలు మొదలుపెట్టారు.