డిక్కీలో బ్యాటరీ

30 ఏప్రిల్ 2022, పాల్వంచ

దుమ్ముగూడెం, చర్ల వైపు గూడేలకు వైద్య శిబిరాలకని తిరిగే డాక్టరుగారి బండి షెడ్డుకొచ్చింది. మందుల ఫ్రిజ్జు, రాత్రిపూట లైట్లు నడవాలని ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీనే తెచ్చి డిక్కీలో పెట్టి తాడుతో కట్టారు. "వెనక నుంచి కుళ్లిన గుడ్ల వాసనొస్తోందన్నా, ఎలక చచ్చిందేమో చూడు" అన్నాడు డ్రైవరు. అద్దాలెత్తి ఏసీ వేసుకునే వచ్చారట. డిక్కీకీ మనుషులకూ మధ్య సీటు వీపే అడ్డం.

మా కుర్రాడు వెంటనే క్లాంపు విప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఇంజన్ ఆపించి, తలుపులన్నీ తీయించి, బాగా గాలాడిన తర్వాతే ముట్టుకోనిచ్చాను. బ్యాటరీ మూతల చుట్టూ యాసిడ్ తడి. టెర్మినల్ మీద పొడి పేరుకుంది. కింద కార్పెట్ ఎత్తితే రంగు పొరలు లేచి, రేకు తుప్పు పట్టడం మొదలైంది.

1 మే

ఆ వాసన అతిగా ఛార్జవుతోందనడానికి గుర్తు. అది కనీసం ముక్కుకు తెలుస్తుంది. హైడ్రోజన్‌కి వాసనే లేదు. ఛార్జింగ్ నిండాక లోపలి నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, వైరు వదులై లేచిన చిన్న రవ్వకే పేలుతుంది. బ్యాటరీ పగిలి యాసిడ్ మొహాన పడితే కళ్లు పోతాయి.

మీటరు పెట్టి చూస్తే ఆల్టర్నేటర్ 14.4 వోల్టులిస్తోంది. 25 డిగ్రీల దగ్గర సరే. వేడి పెరిగేకొద్దీ డిగ్రీకి సుమారు 0.02 వోల్టు తగ్గించుకుంటూ రావాలి. అంటే మన ఎండాకాలం 45 డిగ్రీలకు 14 చాలు. ఆల్టర్నేటర్ ముందు ఇంజన్ పక్కనుంటుంది, వెనక మూసిన డిక్కీలో బ్యాటరీ ఉడికిపోతున్న సంగతి దానికెలా తెలుస్తుంది? ఖమ్మం, కొత్తగూడెం ఎండల్లో డిక్కీ బ్యాటరీకి గాలిదారి తప్పనిసరని నేను పట్టుబట్టేది అందుకే.

"సీల్డ్ బ్యాటరీ వేస్తే ఏ గొడవా ఉండదు కదన్నా?" అన్నాడు డ్రైవరు. చాలామంది అదే నమ్మకంతో ఉన్నారు. సీల్డ్‌లో ఏజీఎం రకం తనలో పుట్టిన గ్యాసును చాలావరకు మళ్లీ నీళ్లు చేసుకుంటుంది, నిజమే. ఛార్జింగ్ మితిమీరితే మాత్రం దాని వాల్వు కూడా తెరుచుకుంటుంది. బీఎండబ్ల్యూ వాళ్లు డిక్కీలో పెట్టే బ్యాటరీకి కూడా బయటికి పైపు ఇచ్చే పంపుతారు.

3 మే

ఇన్వర్టర్ బ్యాటరీని ఇంటికి పంపించేశాను. దానికి ఆరు మూతలు, ఆరింటి నుంచీ గ్యాసొస్తుంది, పైపు తగిలించే చోటే లేదు. పక్కన గ్యాసు రంధ్రమున్న ఏజీఎం తెప్పించాను. యాంగిల్ ఫ్రేములో కూర్చోబెట్టి ఛాసిస్‌కి బోల్టులు బిగించాం. ప్లస్ కేబుల్‌కి బ్యాటరీ దగ్గరే ఫ్యూజు. ఛార్జింగ్ కోసం వేడి కొలిచే వైరున్న ఛార్జరు పెట్టి, ఆ వైరును బ్యాటరీ ఒంటికే అంటించాను.

పైపు పని మాత్రం కుర్రాడికి అప్పజెప్పకుండా నేనే చేశాను. రెండు వైపులా రంధ్రాలుంటే ఒకటి బిరడాతో మూసి, రెండోదానికి మోచేయి ముక్క, దానికి యాసిడ్‌కి తట్టుకునే పైపు. ఎక్కడా నలగకూడదు, నీరు నిలిచే వంపు ఉండకూడదు. ఫ్లోరు రేకుకు రంధ్రం చేసి అంచుకు రబ్బరు బుష్ వేశాను, లేకపోతే గతుకుల్లో రేకు పైపును కోసేస్తుంది. కింద చివర సైలెన్సర్‌కి దూరంగా, వెనక్కి చూసేలా ఏటవాలుగా కోశాను. ఖర్చు పెరిగింది. డాక్టరుగారు కాదనలేదు.

26 జూన్

బండి చెకింగుకొచ్చింది. కింద పడుకుని టార్చి వేస్తే పైపు మూతిలో ఎర్రమట్టి గట్టిగా బిగుసుకుపోయి ఉంది. కందిరీగ గూడు! లోపల పచ్చటి చిన్న పురుగులు కూడా. అంటే గ్యాసుకు దారి మూసుకుపోయినట్టే. పైపు ఊడదీసి, గూడు తీసేసి కడిగి, చివర సన్నటి స్టీలు జాలీ కట్టాను. కుర్రాడు నోటితో ఊదబోతే తిట్టాను. ఆ పైపులో యాసిడ్ తేమ ఉంటుంది.

24 జులై

పదహారో తేదీన భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకొచ్చింది. 1986 తర్వాత అంత నీరు చూసింది ఇప్పుడే. డాక్టరుగారి బండి అప్పట్నుంచీ వరద ఊళ్లలోనే తిరుగుతోంది. ఇవాళ కాస్త తీరిక చూసుకుని తెచ్చారు. జాలీ నిండా ఒండ్రు. పైపును బ్యాటరీ నుంచి వేరుచేసి, టైర్ల షాపు గాలితో ఊది, మళ్లీ బిగించాను. వాగు దాటిన ప్రతిసారీ ఇది చూడాలని డ్రైవరుకు చెప్పి, చేత్తో ఊడదీసి పెట్టడం కూడా నేర్పాను.

రేపు మణుగూరు నుంచి ఓ జీపు వస్తుంది. మైకు సెట్టు కోసం వెనక సీటు కిందే బ్యాటరీ ఉందట. పైపు, బుష్‌లు పొద్దున్నే కొనుక్కురావాలి.