నీరటి కొడుకు విజిల్

మా నాయిన మా ఊరి నీరటి. నాదర్‌గుల్ల చెరువు తూము ఎప్పుడెత్తాలె, ఎప్పుడు దించాలె, ఎవరి మడికి ఎంతసేపు పారాలె అన్నది నాయిన చేతిల ఉండేది. చేతిల ఉండేదంటే అధికారమనుకునేరు. కాదు. నీళ్లు తక్కువైన ప్రతోడూ తిట్టేది నాయిననే. రాత్రిపూట ఇద్దరు ఆసాములు గెట్టు మీద నిలబడి "నా వంతు అయిపోలే" అని ఒకడు, "నాది షురువైంది" అని ఒకడు గుంజుకునేటోళ్లు. నాయిన చుక్కను చూసి, మడిల దిగి పారిన నీళ్లను పాదంతోని తడిమి ఒక్క మాట చెప్పేటోడు. చెప్పినంక మార్చకపోయేది. మార్చనందుకు ఒకసారి పార కామతోని వీపు మీద పడ్డది. "మాదిగోడివి, నువ్వా నాకు లెక్క చెప్పేది" అన్నడట ఆ ఆసామి. మళ్లా వంతుకు అదే ఆసామి మడికి నాయిన నీళ్లు మలిపిండు. ఒక్క చెంబు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నేను చెప్పాలనుకున్నది బాస్కెట్‌బాల్ ముచ్చట. కానీ నాయిననే ముందుకొస్తడు, ఏంజెయ్యాలె.

బాస్కెట్‌బాల్ మా వాడ ఆట కాదు. మావి చెడుగుడు, గోటీలు. సాంఘిక సంక్షేమ హాస్టల్ల ఉండి చదివిన బడిల రెండు బోర్డులుండె, ఒకదానికి రింగు లేదు. నేను పొట్టోన్ని. ఆటకు పనికిరానని చూసి పీఈటీ సారు రూల్సు పుస్తకం చేతిల పెట్టిండు. ఇంగ్లీషు పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక ఎండాకాలమంత చదివిన. తర్వాత వ్యాయామ టీచరు కొలువు, రెఫరీ పరీక్ష. ఆదివారం పొద్దుగాల దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కేటోన్ని, సంచిల బూడిద రంగు అంగీ, నల్ల ప్యాంటు, విజిల్. ఆ అంగీ తొడుక్కుంటే నా ఊరు, వాడ ఎవనికీ కనిపించవనుకున్న.

1990ల నడుమ ఒక కాలేజీల ఫైనలు. అప్పుడు ఇప్పటి లెక్క నాలుగు క్వార్టర్లు లేవు, ఇరవై నిమిషాల హాఫులు రెండు. ఆఖరుకు నాలుగు సెకండ్లున్నయి. ఒక్క పాయింటు వెనుకబడ్డ జట్టు పిల్లగాడు బుట్ట కిందికి దూసుకొచ్చి, అడ్డమున్నోని రొమ్ముకు గుద్దుకున్నడు. బంతి ఇంకా చేతిలనే ఉంది. గుద్దుకున్నంక విడిచిండు, బుట్టల పడ్డది. మా పనిల అన్నిటికంటె కష్టమైన తీర్పు ఇదే. అడ్డమున్నోడు ముందే రెండు కాళ్లు నేలకానించి ఎదురుగ నిలబడి ఉంటే తప్పు దూసుకొచ్చినోనిది, బుట్ట చెల్లదు. వాడు ఆలస్యంగ వచ్చి అడ్డం పడితే తప్పు వానిది, బుట్ట చెల్లుతది, మీంచి ఫ్రీ త్రో. జనమంతా బంతినే చూస్తరు. రెఫరీ చూడాల్సింది పాదాలను. నేను పాదాలను చూసిన. ఆనే ఉన్నయి. ఊదిన. బుట్ట చెల్లదన్న.

గ్రౌండంత లేచింది. నిర్వాహకులల్ల పెద్దమనిషి ఒకాయన కుర్చీల నుంచి లేచి రూలు అడగలే. "ఎవడు వీడు? ఏ ఊరు?" అన్నడు. ఎవడో చెప్పిండు, నాదర్‌గుల్ నీరటోళ్ల పిల్లగాడని. "డప్పు కొట్టెటోనికి విజిలెవడిచ్చిండు" అన్నడు. నవ్విండ్రు. నాతోని అదే బస్సుల వచ్చిన రెండో రెఫరీ బూటు దారాలు కట్టుకుంటున్నడు. ఎంత పొడుగు దారాలో! ఓడిన కెప్టెన్ నిరసన తెలుపుతా అన్నడు. అది వాని హక్కు, స్కోరుషీటు మీద సంతకం పెట్టే గడి నేనే చూపించిన.

1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ గురించి అప్పటికే చదివి ఉన్న. అమెరికా 50–49 మీద ఉంటె ఆఖరి మూడు సెకండ్లు మళ్ల మళ్ల ఆడించిండ్రు. అంతర్జాతీయ సమాఖ్య కార్యదర్శి విలియం జోన్సే కిందికి దిగి జోక్యం చేసుకున్నడు. సోవియట్ 51–50 తోని గెలిచింది. బ్రెజిల్ రెఫరీ రిగెత్తో స్కోరుషీటు మీద సంతకం పెట్టలే. అమెరికా ఆటగాళ్లు వెండి పతకాలు ముట్టలే. రిగెత్తో మీద ఎంత ఒత్తిడి వచ్చినా లొల్లి గడియారం మీదనే. నా దగ్గరికొచ్చేసరికి లొల్లి మా నాయిన మీదికి పోయింది.

మా తోటి రెఫరీ తప్పు ఊదితే "కన్ను తప్పింది" అంటరు. నేను ఊదితే "కోటా రెఫరీ". రెఫరీ పరీక్షల కోటా లేదని వాళ్లకూ తెలుసు.

ఇంతవరకు ఎన్ని సభలల్లనో చెప్పిన. ఆ తర్వాతిది ఎక్కడా చెప్పలే.

మరుసటేడు అదే గ్రౌండు, అదే పెద్దమనిషి అదే కుర్చీల. మళ్ల అట్లనే ఒకడు దూసుకొచ్చిండు, ఒకడు అడ్డం నిలబడ్డడు. పాదాలు ఆనే ఉన్నయి. నా కండ్లు చూసినయి. కానీ విజిల్ నోట్ల పెట్టుకున్నప్పుడు ఆ నవ్వు చెవుల పడ్డది. అడ్డమున్నోనిదే తప్పని ఊదిన. బుట్ట చెల్లింది, వాళ్లు గెలిచిండ్రు. ఎవ్వరూ నా ఊరు అడగలే. పింగాణీ కప్పుల చాయ్ ఇచ్చిండ్రు. తాగిన. నల్లా కాడ ఆ అడ్డం నిలబడ్డ పిల్లగాడు దగ్గరికొచ్చి "సార్, నా కాళ్లు ఆనే ఉండె గద" అన్నడు. గట్టిగ కూడ అనలే. "పో, పో" అన్న.

ఇప్పుడైతే పెద్ద పోటీలల్ల వీడియో చూసి తేలుస్తున్నరు. అప్పుడు నా కండ్లే.

రాత్రి ఇంటికి పోయి నాయినకు చెప్పిన. అప్పటికే ఆయన తూము ఎక్కుడు మానేసిండు, చూపు ఆనకపోయేది. అంత విని, "భయపడి మలిపినవా" అన్నడు. ఊ అన్న. శానసేపు మాట్లాడలే.

"ఆ పిల్లగాడు ఎవలోడు?"

"హాస్టలు పిల్లగాడే నాయినా."

నాయిన గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.