మండువాలో సిగ్నలు, గట్టు మీద ఆఫీసు

కొవ్వూరులో బస్సెక్కి తాళ్ళపూడి దారి పట్టండి. కుడిచేతి వైపు గోదావరి గట్టు మీతోపాటే వస్తుంది. కాసేపటికి కుమారదేవం. ఈ పేరు తెలియనివారు కూడా "సినిమా చెట్టు" అంటే గబుక్కున గుర్తుపడతారు. నూటయాభై ఏళ్ళ నిద్రగన్నేరు అది! దాని నీడలో తీర్పులు చెప్పిన పెదరాయుళ్ళెందరో, యుగళగీతాలు పాడుకున్న జంటలెన్నో! 2024 ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఆ చెట్టు కూలిపోయింది.

"చెట్టు లేని ఆ చోటు ఎలా వుందో చూసి రాయండి. ఫోటోలు కూడా కావాలి. శనివారం సాయంత్రం ఆరు దాటితే మాత్రం పేజీ వేరేవాళ్ళకి పోతుంది" అన్నారు ఒక పత్రికవారు. నాబోటి ఫ్రీలాన్సరుకి పేజీ పోవడమంటే ఆ నెల అద్దె పోవడమే! పైగా మా ఊరు అక్కడికి దగ్గరే. అమ్మని చూసినట్టూ వుంటుంది, పనీ అవుతుంది, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ వుండనే వుంది కదా అని ధీమాగా బయల్దేరాను.

ఇంట్లో అడుగుపెట్టాక తెలిసింది, ఆ ధీమాకి అప్పటికే నలభై రోజులు నిండాయని.

రోడ్డు పక్కన కాలవ తవ్వుతూ యంత్రం కేబుల్ని తెంపేసిందట. ఫోనూ పోయింది, దాంతోపాటే ఇంటర్నెట్టూ పోయింది. అమ్మ మాత్రం రోజూ సాయంత్రం దీపం పెట్టాక రిసీవరెత్తి చెవి దగ్గర పెట్టుకుని చూస్తోంది. "కరెంటు పోతే రావడం లేదా? ఇదీ వస్తుందిలేరా!" అంటుంది.

లైన్‌మేన్‌ని పట్టుకున్నాను. "అయ్యబాబోయ్, ఇప్పుడు రాగితీగ ఎవరు కలుపుతారండీ? ఫైబరొచ్చేదాకా ఆగాలండి. ఎప్పుడొస్తుందో మాత్రం నన్నడక్కండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. అతనేం చేస్తాడు పాపం!

ఆ ఫోను సంగతి కొంచెం చెప్పాలి. మా వీధికంతటికీ అదే మొదటి ఫోను. అప్పట్లో రెండంకెల నెంబరు. చెట్టు దగ్గర షూటింగ్ జరుగుతుంటే ప్రొడక్షన్ మేనేజర్లు జీపేసుకుని మా ఇంటికొచ్చేవారని నాన్న చెబుతూ వుండేవారు. మద్రాసుకి ట్రంకాల్ బుక్ చేసి, అరుగు మీద కూర్చుని గంటలకి గంటలు కాచుకునేవారట. ఫిల్ము డబ్బాలు అందాయో లేదో, ఫలానా తారామణి రేపటికి వస్తుందో రాదో... అన్నిటికీ ఆ ఒక్క తీగే ఆధారం. మరీ తొందరైతే లైట్నింగ్ కాల్, దానికి మామూలు ఛార్జీకి ఎనిమిది రెట్లు! అమ్మ వాళ్ళందరికీ కాఫీలిచ్చి అలిసిపోయేదిట గాని, ఇప్పుడు ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో అలసట కనపడదు.

తరువాత్తరువాత నెంబరుకి ముందు అంకెలు చేరాయి. ఎస్టీడీ వచ్చింది. ఆ రాగితీగ మీదే బ్రాడ్‌బ్యాండూ వచ్చింది. 2004 నాటి ప్రభుత్వ విధానం ప్రకారం సెకనుకి 256 కిలోబిట్లు అందితే బ్రాడ్‌బ్యాండ్ కిందే లెక్క. 2023 నుంచి రెండు మెగాబిట్లయినా వుంటేగాని ఆ పేరు పెట్టకూడదు. మా తీగ ఈ రెంటికీ మధ్యన ఎక్కడో ఈదుతూ వుండేది. ఎక్స్ఛేంజికి ఎంత దూరమైతే రాగితీగలో వేగం అంతగా నీరసిస్తుంది. మా ఇల్లేమో ఊరి చివర!

సరే, సెల్ ఫోనుంది కదా, హాట్‌స్పాట్ పెడదామనుకున్నాను. నా గదిలో కూర్చుంటే సిగ్నలు ఒక్క గీత, అదీ అతిథిలా వచ్చిపోతోంది. మా బాబాయి గుమ్మంలోంచి చూసి నవ్వాడు.

"ఒరే అబ్బాయ్, మీ తాతగారు మూరెడు మందాన గోడలు కట్టించింది సిగ్నలు కోసం కాదురా! మండువాలోకి రా."

మండువా లోగిలి చూడని పాఠకులకి ఒక్క మాట. ఇంటి మధ్యన చతురస్రంగా కప్పు లేకుండా వదిలేసిన జాగా అది. నాలుగు వైపుల పెంకుల చూరులోంచి వాననీళ్ళు అందులో పడతాయి. ఎండా వస్తుంది, వెన్నెలా వస్తుంది. ఇప్పుడు తెలిసిందేమంటే, సిగ్నలు కూడా అందులోంచే వస్తుంది!

ఇంక అక్కణ్ణుంచి పరిశోధన మొదలుపెట్టాను. నా గదిలో ఒక మెగాబిట్టు. మండువా దూలం పక్కన పన్నెండు. పెరట్లో కొబ్బరిచెట్ల కింద ఆరు. ఆకులు కూడా సిగ్నలుని మింగుతాయి, వానలో తడిస్తే ఇంకాస్త మింగుతాయి. సెల్ కంపెనీలు వాడే అలల్లోనూ తేడా వుంది. 850 మెగాహెర్ట్జ్ అల గోడల్ని బాగానే దాటుకొస్తుంది, కాకపోతే దాని మీద మోత తక్కువ. 2300 అల మోత ఎక్కువే మోస్తుంది గాని గోడ అడ్డమొస్తే చతికిలబడుతుంది. పుట్టినప్పట్నుంచీ తిరిగిన ఇల్లే, అయినా ఏ మూల ఏముందో ఆ రోజే తెలిసినట్టనిపించింది!

శనివారం పొద్దున్నే కుమారదేవం వెళ్ళాను. అంత పెద్ద కొమ్మలు పరుచుకున్న చోట ఆకాశం బోసిగా కనపడుతుంటే మనసు చివుక్కుమంది. కారు దిగిన ఒక కుటుంబం "చెట్టెక్కడండీ?" అని నన్నే అడిగింది. చెయ్యి చూపించాను. వాళ్ళు అక్కడే నిలబడి ఫోటో తీయించుకున్నారు. ఆ వ్యాసం వేరే రాశాను, ఇక్కడ వద్దు.

అరవై ఫోటోలు తీశాను. మొత్తం నాలుగు వందల మెగాబైట్లు. ఇంటికొచ్చి భోంచేసి, కూర్చుని వ్యాసం పూర్తి చేసేసరికి సాయంత్రం నాలుగున్నర. మండువాలో లాప్‌టాప్ పెట్టి పంపడం మొదలుపెట్టాను. పావు వంతు వెళ్ళగానే ఆగిపోయింది. చూద్దును గదా, ఆ రోజుకిచ్చిన రెండు జీబీలూ అయిపోయాయి! ముందురోజు రాత్రి పన్నెండు దాటాక కూడా పాత సినిమా చూసిన పాపం ఊరికే పోతుందా? వాటా అయిపోతే వేగం 64 కిలోబిట్లకి పడిపోతుంది. లెక్క వేశాను, మిగిలినవి వెళ్ళడానికి పదిగంటల పైమాటే.

బాబాయి దగ్గర ఇంకో కంపెనీ ఫోనుంది. "ఇది ఇంట్లో పలకదురా, గట్టు మీదయితే రాజులా పలుకుతుంది" అన్నాడు. ఆయన మోటారు సైకిలెక్కి గట్టు మీదికి పోయాం. ఎదురుగా గోదావరి, ఆవలి ఒడ్డున టవర్లు. మధ్యన నీళ్ళే తప్ప గోడ లేదు, చెట్టు లేదు. గేదెల్ని తోలుకొస్తున్న కుర్రాడు ఆగి తమాషా చూస్తున్నాడు. బాబాయి ఫోను పైకెత్తి పట్టుకున్నాడు, సీతారాముల కల్యాణానికి గొడుగు పట్టినట్టు. ఫోటోలు ఒక్కొక్కటే వెళ్తున్నాయి. చివరి ఫోటో వెళ్ళేసరికి ఆరుకి పది నిమిషాలు. ట్రంకాల్ కోసం మా అరుగు మీద కూర్చున్న ఆ ప్రొడక్షన్ మేనేజర్ల ప్రాణం ఎలా కొట్టుకునేదో అప్పుడు అర్థమైంది.

మర్నాడు రాజమండ్రి వెళ్ళి సిమ్ వేసుకునే రూటరొకటి కొన్నాను. మండువా చూరు కింద, జల్లు పడని చోట దూలానికి మేకు కొట్టి తగిలించాను. పది రోజులుగా పని అంతా దాని మీదే నడిపాను.

బాగుందా అంటే... బాగుంది, కొన్ని వేళల్లో. తెల్లవారుజామున పరుగులు తీస్తుంది. రాత్రి ఏడు దాటి ఊరంతా ఫోన్లు పట్టుకుందో, ఎడ్లబండి! క్రికెట్ వుంటే అసలు దాని జోలికి వెళ్ళక్కర్లేదు. తీగ ఉద్యోగం వేరు. అది మన చేనికి మనం తవ్వుకున్న బోదె లాంటిది, సన్నగా వచ్చినా మన నీళ్ళే. టవరు ఊరుమ్మడి చెరువు. అందరూ ఒక్కసారే తూము తెరిస్తే చివరి చేనుకి ఏం అందుతుంది? నాలా ఒంటరిగా కూర్చుని రాసుకునేవాడికి చాలు. ఇద్దరు పిల్లల చదువులూ, ఇంటాయన వీడియో మీటింగులూ, ఇంటావిడ సీరియళ్ళూ వున్న కొంపలో మాత్రం ఫైబరే వుండాలి. అదొచ్చే ఊళ్ళో వుండి కూడా సెల్ మీద లాక్కురావాలనుకోవడం పిసినారితనం.

మాకు రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పేవాడూ లేడు. బిల్లు మాత్రం ప్రతి నెలా వస్తోంది. అందుకని ల్యాండ్‌లైన్ తీసేద్దామన్నాను.

అమ్మ వెంటనే ఏం మాట్లాడలేదు. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి, "మరి నెంబరో?" అంది.

సెల్ నెంబరైతే 2011 నుంచి కంపెనీ మారినా అట్టేపెట్టుకోవచ్చు. ల్యాండ్‌లైన్ నెంబర్ని సెల్లులోకి తెచ్చుకునే వీల్లేదు. అదే చెప్పాను.

"నాన్నగారి స్నేహితులు సంక్రాంతికి ఆ నెంబరుకే చేస్తార్రా. వాళ్ళకి ఇంకో నెంబరు తెలీదు."

"ఎంతమందమ్మా?"

"ఇప్పుడా? ముగ్గురు" అంది, వేళ్ళ మీద లెక్కపెట్టుకుని.

నాన్న పాత డైరీ తీశాం. మద్రాసు నెంబర్లు కొట్టేసి హైదరాబాదు నెంబర్లు రాసుకున్నారు, అవీ కొట్టేసి సెల్ నెంబర్లు రాసుకున్నారు. మండువాలో పీట వేసుకుని కూర్చుని, ఆ ముగ్గురికీ అమ్మే స్వయంగా ఫోన్ చేసి తన సెల్ నెంబరు చెప్పింది. ఒకాయన రెండుసార్లు చెప్పించుకుని రాసుకున్నారు. ఇంకొకాయన ఇంట్లో కోడలు ఎత్తింది.

సోమవారం ఆఫీసులో దరఖాస్తు ఇచ్చొచ్చాను. లైన్‌మేన్ వచ్చి తీగ చుట్టుకున్నాడు. ఫోను కూడా తీసుకెళ్ళాలా అనడిగితే అమ్మ వంక చూసి, "అదెందుకండీ, మీ దగ్గరే వుంచండి" అన్నాడు.

బల్ల మీద అది అలాగే వుంది. అమ్మ రోజూ తుడుస్తోంది. రిసీవరు మాత్రం ఎత్తడం లేదు.