హోప్ ఐలాండ్ ఇసుక మీద పరుగు

మన పత్రికలో పీఎఫ్ గురించి రాస్తారు, పింఛను గురించి రాస్తారు, పిల్లల చదువుల గురించి రాస్తారు. అవన్నీ కావాల్సినవే. ఈసారి నేను పరుగు గురించి రాస్తున్నాను. నవ్వకండి. నాకు అరవై ఆరేళ్ళు. ఐదో తరగతి దాకా చదువుకున్నాను. యానాంలో పుట్టి, పుదుచ్చేరిలో ఒక నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి, మళ్ళీ యానాం వచ్చి పడ్డవాణ్ణి. కార్డింగ్‌లో కొన్నాళ్ళు, తర్వాత రింగ్ ఫ్రేముల మీద. తెగిన పోగు కలుపుకుంటూ ఆ వరసల మధ్య ఒక్కో షిఫ్టుకి ఎన్ని మైళ్ళు నడిచేవాళ్ళమో మీకు చెప్పక్కర్లేదు. మిల్లోళ్ళ కాళ్ళకి నడక కొత్త కాదు. మన కష్టమంతా ఊపిరితోనే.

కార్డింగ్ చేసినవాళ్ళకి సోమవారం ఎలా ఉండేదో గుర్తుండే ఉంటుంది. ఆదివారం సెలవు అయ్యి సోమవారం లోపలికి అడుగు పెట్టగానే గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉండేది. మంగళవారానికి కొంచెం సర్దుకునేది. డాక్టర్లు దాన్ని బిసినోసిస్ అంటారు. పత్తి ధూళి వల్ల వచ్చేది. మనం మాత్రం పడిశం అనుకుని బెల్లం ముక్క నోట్లో వేసుకుని పనిలోకి పోయేవాళ్ళం. ఇప్పుడు మనలో చాలామంది రెండు మెట్లు ఎక్కితే అరుగు మీద కూలబడుతున్నారు. నన్ను చూసిన డాక్టరు గారు రోజూ నడవమన్నారు. ఓ ఏడాది నడిచాక, ఆయాసం రానంతవరకు మెల్లగా పరిగెత్తినా పర్లేదన్నారు.

నిజానికి నన్ను పరుగులో పెట్టింది డాక్టరు కాదు, నా మనవరాలు. మా పెద్దమ్మాయి కూతురు. తాళ్ళరేవులో ఉంటారు. డిగ్రీ అయ్యింది, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. పోయినసారి రాతపరీక్ష గట్టెక్కింది గానీ 1600 మీటర్ల పరుగులో కొద్ది సెకన్లలో పోయింది. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. కోచింగ్‌కి పంపే తాహతు లేదు. నా దగ్గర డబ్బు లేదు గానీ టైము ఉంది, మిల్లులో కట్టుకున్న పాత వాచీ ఉంది. అందుకని నేనే కోచ్‌ని అయ్యాను.

ఊళ్ళో పరుగంటే ముందు రోడ్డు సమస్య. కాకినాడ నుంచి యానాం మీదుగా అమలాపురం వెళ్ళేది 216 నంబరు జాతీయ రహదారి. తెల్లారకముందే లారీలు. కుక్కలు. వాటికంటే ఎక్కువ బాధ పెట్టేది జనం చూపు. ట్రాకు పాంటు వేసుకుని ఆడపిల్ల పరిగెత్తుతుంటే టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు పనిమాలా తల తిప్పి చూస్తారు. ఒకడు ఈల వేస్తాడు, ఒకడు "ఎవరు తరుముతున్నార్రా" అంటాడు. ఈ పిల్ల తల వంచుకుని పరిగెత్తడం అలవాటు చేసుకుంది. తల వంచితే ఊపిరి ఎక్కడ ఆడుద్ది?

అందుకని మంచి చోట్లు వెతికాం. యానాంలో గోదావరి ఒడ్డున రాజీవ్ బీచ్ ఉంది కదా, పొద్దున్నే అక్కడ నేల చదునుగా ఉంటుంది, గౌతమి మీంచి గాలి వస్తుంది. ముసలివాళ్ళకి అది చాలు. ఎదుర్లంక వంతెన మీద సూర్యోదయం బాగుంటుంది గానీ బళ్ళ పక్కన పరుగు వద్దు, నడక కూడా జాగ్రత్త. కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు చూడ్డానికి అందమే. కానీ అక్కడ సముద్రం ఒడ్డును కోసేస్తోంది. తుపాను వస్తే రాళ్ళు రోడ్డు మీదకి వచ్చి పడతాయి.

కోరంగి మడ అడవి గురించి వేరే చెప్పాలి. చొల్లంగి అమావాస్యకి స్నానానికి వెళ్ళినవాళ్ళకి ఆ దారి తెలుసు. ఆ పక్కనే అభయారణ్యం. 1978 నుంచి ప్రభుత్వం కాపాడుతున్న అడవి. మడ చెట్ల మధ్య చెక్కబాట వేశారు. నల్ల మడ, తెల్ల మడ, పొన్న, తిల్ల చెట్లు. తిల్ల పాలు కంట్లో పడితే చాలా ప్రమాదం, కొమ్మలు విరవకండి. అదృష్టం ఉంటే నీటికుక్కలు కనిపిస్తాయి. బావురుపిల్లి ఉంటుంది గానీ పగలు కనపడదు. చెక్కబాట ఇరుకు, మంచుకి జారుతుంది. అక్కడ పరిగెత్తొద్దు, నడవండి. ఒకప్పుడు ఈ కోరంగి పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెనకి నాశనమైపోయింది. ఇక్కడ ఓడెక్కి బర్మా వెళ్ళినవాళ్ళ మూలంగానే రంగూన్‌లో తెలుగువాళ్ళని కోరంగీలు అనేవారు. పొట్ట చేత పట్టుకుని పరాయి చోటుకి పోయిన మనలాంటివాళ్ళకి ఆ రేవు పేరు తెలిసి ఉండాలని చెబుతున్నాను.

ఇక అసలు సంగతి హోప్ ఐలాండ్. కాకినాడకి ఎదురుగా, సముద్రానికీ అఖాతానికీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుక దీవి. గోదావరి సముద్రంలో కలిసేచోట వదిలిన ఇసుకని అలలు ఉత్తరం వైపు నెట్టుకుంటూ పోయి, రెండు వందల ఏళ్ళలో దీన్ని కట్టాయి. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం తక్కువ. బయటి సముద్రపు అలలు దీనికి తగిలి విరిగిపోతాయి కాబట్టే లోపలి నీళ్ళు చెరువులా ఉంటాయి, ఓడలు నిబ్బరంగా లంగరు వేసుకుంటాయి. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను మా ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. సముద్రం ఒడ్డు పల్లెల్లో వేటకి వెళ్ళినవాళ్ళు ఎందరో తిరిగి రాలేదు. ఆ దీవి, ఆ మడ అడవి అడ్డం లేకపోతే ఇంకెంత ఘోరం జరిగేదో అని మా వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు.

అక్కడికి రోడ్డు లేదు, పడవలోనే వెళ్ళాలి. అటవీ శాఖ వాళ్ళని అడిగి, అనుమతి ఉన్న పడవే ఎక్కండి. గాలి ఎక్కువుంటే పడవ కదలదు. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం లోపు వచ్చెయ్యాలి. రోజూ వెళ్ళే చోటు కాదు. మేము ఇప్పటికి మూడుసార్లే వెళ్ళాం, పది మంది కలిసి డబ్బులు వేసుకుని. మంచినీళ్ళు మనమే తీసుకెళ్ళాలి.

పరుగుకి సముద్రం వైపు ఒడ్డే మంచిది. కాకినాడ వైపు ఒడ్డు బురద, కాలు మోకాలి దాకా దిగిపోద్ది. సముద్రం వైపు కూడా పాటు ఉన్నప్పుడే పరిగెత్తాలి. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక సిమెంటు గచ్చులా గట్టిపడి ఉంటుంది. పోటు వస్తే మిగిలేది పొడి ఇసుకే, అందులో పది అడుగులకి ఆయాసం వస్తుంది. పోటు వేళ రోజుకి ముప్పావుగంట పైన వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పున్నమికీ పోటూ పెద్దదే, పాటూ పెద్దదే. పడవవాళ్ళని అడిగితే వేలి మీద లెక్క చెబుతారు. ఇంకో మాట, ఒడ్డు సముద్రం వైపుకి వాలి ఉంటుంది. ఒకే వైపు చాలాసేపు పరిగెత్తితే ఒక మోకాలికే బరువు పడుతుంది. ఎంత దూరం వెళ్ళారో అంత దూరం వెనక్కి రండి, సరిపోతుంది. ఎర్ర పీతల బొరియలు చూసుకుని అడుగు వెయ్యండి. పైన దిబ్బల మీద రావణాసురుడి మీసం అని ఒక గడ్డి ఉంటుంది, సూదుల్లా గుచ్చుకుంటుంది. ఆ గడ్డీ, బాలబంద తీగా వేళ్ళతో ఇసుకని పట్టి ఉంచుతాయి. అవి పోతే దిబ్బ పోతుంది. కాబట్టి పైకి ఎక్కి తొక్కకండి.

మొన్న వెళ్ళినప్పుడు 50 మీటర్ల నైలాను తాడు పట్టుకెళ్ళాను. మనం నూలు కొలిచినవాళ్ళం, కొలత తప్పం కదా. తాడుని ముప్ఫై రెండుసార్లు పరిచి 1600 మీటర్లు కొలిచాం. ఈ చివర ఒక కర్ర, ఆ చివర ఒక కర్ర. నేను ఆ చివర వాచీ పట్టుకుని నిలబడ్డాను. మా అల్లుడు ఈ చివర నుంచి ఎర్ర తువ్వాలు ఊపాడు. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క సరుగుడు చెట్ల సందుల్లోంచి కాకినాడ రేవులో ఓడలు. మధ్యలో చిన్న చుక్కలా ఈ పిల్ల. దగ్గరకొచ్చేకొద్దీ చూశాను, తల ఎత్తి పరిగెత్తుతోంది. నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, "తాతయ్యా, ఇక్కడ ఎవ్వరూ చూట్టం లేదు" అంది. టైము ఎంతో తర్వాత అడిగింది. రోడ్డు మీదకంటే బాగా తగ్గింది. సెలక్షన్ గ్రౌండులో అందరూ చూస్తారు, అది తనకీ తెలుసు. కానీ తల ఎత్తి పరిగెత్తితే ఎలా ఉంటుందో కాళ్ళకి ఒకసారి తెలిసింది. ఇప్పుడు తాళ్ళరేవు రోడ్డు మీద కూడా అలాగే పరిగెత్తుతోంది. ఈల వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు.

నా పరుగు సంగతి కూడా చెబుతాను. వంద అడుగులు పరుగు, రెండు వందల అడుగులు నడక. పక్కవాడితో మాట్లాడగలిగేంత మెల్లగా. మాట తెగితే ఆగిపోతాను. ఆ ఒడ్డు మీద అలా ఒక కిలోమీటరు వెళ్ళాను. మిల్లు ధూళి లోపల ఎంత ఉందో అంతే ఉంది, అది పోదు. ఉన్న ఊపిరిని వాడుకోవడం మాత్రం నేర్చుకోవచ్చు.

జనవరి నుంచి మార్చి దాకా వెళ్ళేవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంతలో వంద దాకా ఉంటాయి. యాభై రోజులు అటూ ఇటూగా పిల్లలవుతాయి. నక్కలూ కుక్కలూ తవ్వి తినేస్తాయని అటవీ శాఖ వాళ్ళు గుడ్లు ఏరి, కంచె వేసి కాపాడతారు. కంచె దగ్గరికి పోకండి. ట్రాక్టరు చక్రం జాడలాంటి గీతలు నీళ్ళ నుంచి పైకి వెళ్ళి కనిపిస్తే అది తాబేలు వచ్చిన దారి, చుట్టూ తిరిగి వెళ్ళండి. చచ్చిన తాబేళ్ళు కూడా కనిపిస్తాయి, వలల్లో పడి ఊపిరాడక పోయినవి. అవీ మనలాగే ఊపిరి పీల్చే జీవాలు, నీళ్ళ పైకి రాలేకపోతే చచ్చిపోతాయి. అది చూసి మా మనవరాలు ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు.

గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా నా మాట మీద పరిగెత్తకండి. మీ ఇళ్ళల్లో పోలీసుకో మిలిటరీకో తయారయ్యే పిల్లలుంటే, ముఖ్యంగా ఆడపిల్లలుంటే, ఒక్కసారి తీసుకురండి. కాకినాడ యానాంకి 30 కిలోమీటర్లే. తాడు నా దగ్గర ఉంది, నేనూ వస్తాను. అన్నం ప్యాకెట్ల కవర్లు, నీళ్ళ సీసాలు ఎన్ని పట్టుకెళ్ళారో లెక్కపెట్టుకుని అన్నీ వెనక్కి పట్టుకురండి. పడవ ఎక్కేముందు నేను లెక్క అడుగుతాను.